అడవి బాగుపడిపోతే ఎలా?

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు పెద్దలు ఎంత గట్టిగా హెచ్చరించారు! ఆదివాసీ చేతికి కాగితం ఇస్తే అడవి బోడిగుండు అవుతుందన్నారు, పులికి నిలువ నీడ ఉండదన్నారు. దొంగ క్లెయిములు పెట్టి చెట్లు కొట్టినవాళ్లు అక్కడక్కడా లేకపోలేదు. వాళ్ల పుణ్యమా అని పెద్దల పరువు కొంత నిలబడింది. మరికొన్ని చోట్ల మాత్రం ఘోరం జరిగిపోయింది. హక్కు చేతికొచ్చినవాళ్లు అడవిని చూసుకోవడం మొదలుపెట్టారు.

మన ఆసిఫాబాద్ పొలిమేర దాటితే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా. అక్కడ పాచ్‌గావ్ అని గోండుల పల్లె. 2012లో ఆ ఊరికి దాదాపు వెయ్యి హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు దక్కింది. అంత భూమి దక్కితే మనమైతే ఏం చేస్తాం? ముందు ఆర్చి కడతాం, తర్వాత వెంచర్ వేస్తాం. వీళ్లు కూర్చుని కట్టుబాట్లు రాసుకున్నారు. అందులో ఒకటి, తునికాకు తెంపకూడదని! తునికాకంటే మండు వేసవిలో, ఇంట్లో పైసా ఆడనప్పుడు దొరికే రొక్కం. బీడీకి పనికొచ్చే లేత ఆకు కావాలంటే తునికి కొమ్మలు నరకాలి, కింద నేల కాల్చాలి. కాలిస్తే మొలకలు మాడతాయి, నరికితే పండు ఉండదు. అందుకని ఆకు డబ్బు వద్దనుకుని, వెదురు లెక్కగా కొట్టి, తామే అమ్ముకుంటున్నారు. కొంత అడవి జోలికి అసలు ఎవరూ పోకూడదని వదిలేశారు. పాపం, ఆకు కాంట్రాక్టరు గతేమిటి? ఆయనకు మాత్రం పిల్లల ఫీజులు ఉండవా?

వెదురు కొట్టాలన్నా పద్ధతి ఉండాలి, శాస్త్రీయంగా కొట్టాలి. ఆ శాస్త్రం ఎలా ఉంటుందో దండేలిలో చూడాలి. కర్ణాటకలోని అక్కడి కాగితపు మిల్లుకు 1950ల్లో సర్కారు టన్ను వెదురును రూపాయిన్నరకు రాసిచ్చింది. బుట్టలల్లుకునే మేదరివాళ్లు మాత్రం దానికి ఎన్నో రెట్లు పోసి బజారులో కొనుక్కోవాలి. చవగ్గా వస్తే ఎవరు పొదుపు చేస్తారు? వెదురు తరిగిపోయింది. కారణం కనిపెట్టమని 1970ల్లో శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్‌కు అప్పగించారు. వెదురు పొద మొదట్లో ముళ్లకంప దట్టంగా అల్లుకుని ఉంటుంది. బొంగు ఎదగడానికి అది అడ్డమని కొట్టించి శుభ్రం చేయించడం చదువుకున్నవాళ్ల పద్ధతి. ఆ ముల్లే లేత కొమ్మును పశువు నోట పడకుండా కాస్తుందని ఊరివాళ్లు మొత్తుకున్నారు. తీరా పరిశీలిస్తే ఊరివాళ్లు చెప్పిందే నిజమైంది. ఫారెస్టు కాలేజీ ముఖం చూడనివాళ్లకు ఇదంతా ఎలా తెలిసిందన్నది విచారణ జరిపించాల్సిన విషయం.

గడ్చిరోలిలో మెంఢా లేఖా అనే ఊరికి 2009లోనే హక్కు వచ్చింది. వెదురు ఊరిదే, సందేహం లేదు. బయటికి తోలాలంటే మాత్రం పర్మిట్ కావాలి, పర్మిట్ పుస్తకం అటవీ శాఖ బీరువాలో ఉంటుంది. అది గ్రామసభ చేతికి రావడానికి 2011 ఏప్రిల్ దాకా పట్టింది, అందుకోసం కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. ఒక పుస్తకం చేతులు మారడానికి ఢిల్లీ కదలాలి. ఇంత కట్టుదిట్టమైన కాపలా ఆ పుస్తకానికి బదులు అడవికి ఉంటేనా!

మన ఉమ్మడి రాష్ట్ర అధికారులు ఇలాంటి ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. సామూహిక హక్కు గ్రామసభకు ఇమ్మని చట్టం చెబితే, మనవాళ్లు చాలాచోట్ల వనసంరక్షణ సమితుల పేరిట పత్రాలు రాశారు. ఆ సమితులు ప్రపంచ బ్యాంకు అప్పుతో శాఖవారే పెంచి పోషించినవి. పెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టి తాళి పురోహితుడి చేత కట్టించినట్టన్నమాట.

విడివిడి పట్టాలకు ఎవరికీ అభ్యంతరం లేదు. 2023 జూన్‌లో ఎన్నికలు కనుచూపు మేరలో ఉండగా ఆసిఫాబాద్‌లోనే కేసీఆర్ పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. దాదాపు 4 లక్షల ఎకరాలు, లక్షన్నర మంది. ఇవ్వాల్సినవే, ఆలస్యంగా ఇచ్చారు. అయితే పోడు ఎప్పుడో చేనైపోయింది. అక్కడ శాఖవారికి పోయేదేమీ లేదు. ఊరంతా కలిసి అడవిని ఏలుకుంటామంటేనే చిక్కు. అప్పుడు వర్కింగ్ ప్లానూ వేలం పాటా గ్రామసభ చేతిలో పడతాయి. పైగా సామూహిక హక్కుకు ఫొటో దిగాలంటే ఊరంతా స్టేజీ ఎక్కాలి, స్టేజీ ఆగదు.

అడవి తగ్గిందని బెంగపడేవాళ్లకు ఓ శుభవార్త. మన అటవీ సర్వే లెక్కలో, హెక్టారుకు మించిన జాగాలో పది శాతానికి పైగా చెట్ల గొడుగు కనిపిస్తే అది అడవే. చెట్టు ఏదైనా, యజమాని ఎవరైనా ఫర్వాలేదు. ఉపగ్రహం కంటికి కొబ్బరితోటా ఒకటే, జామాయిల్ తోటా ఒకటే. ఈ లెక్కన కోనసీమ రైతు తరతరాలుగా కీకారణ్యంలో కాపురముంటున్నాడు. అటవీ హక్కు పత్రానికి ఎందుకు దరఖాస్తు పెట్టుకోలేదో!

అసలు జనాన్ని అడగడమే తప్పు. 2013లో సుప్రీంకోర్టు మాట మీద నియమగిరిలో బాక్సైట్ గని సంగతి డోంగ్రియా కోందుల గ్రామసభలను అడిగారు. పన్నెండు సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. మొహమాటానికి ఒక్కటైనా సరే అనలేదు. ఆ అనుభవం వృథా పోలేదు. 2022 నిబంధనల్లో కేంద్రం ముందు అడవి అప్పగించేందుకు అనుమతి ఇచ్చేసేలా, హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకునేలా రాసుకున్నారు.

అదే ఏడాది గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్నం కోసం 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యం ఇవ్వడానికి దారి పడింది. అక్కడి గిరిజన మండలి ముందిచ్చిన సమ్మతిని కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకుంది, అయినా పని ఆగలేదు. పోయిన అడవికి బదులు మొక్కలు నాటేది ఎక్కడనుకున్నారు? హర్యానాలో. ఆ దీవిలో మెగాపోడ్ అనే పక్షి ఒకటుంది, మట్టి, ఆకులు పోగేసి పెద్ద దిబ్బ చేసి అందులో గుడ్లు పెడుతుంది. దానికి హర్యానా వెళ్లే రైలు టైములు ఎవరైనా చెబితే బాగుంటుంది.