తల దించుకుని చూడవలసిన చార్మినార్

మా హైదరాబాద్ నడిబొడ్డును ఇంత చక్కగా తీర్చిన పెద్దలకు నేను చాలాకాలంగా రుణపడి ఉన్నాను. ఆ రుణం ఎంతటిదో మొన్న తెనాలి నుంచి మా పెద్దమ్మ వచ్చినప్పుడు తెలిసింది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు అరిగాయిగానీ ఉత్సాహం అరగలేదు. "చార్మినార్ చూడకుండా పోతే హైదరాబాద్ వెళ్లొచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పనురా?" అంది. సరేనని బయల్దేరాం.

ముందుగా మెట్రోకు దండం పెట్టాలి. పెద్దల ఇంటికి వెళ్తే చెప్పులు గుమ్మం బయటే విడుస్తామే, ఆ మర్యాద మా మెట్రోకు పుట్టుకతో వచ్చింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి పరుగున వచ్చి, మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర ఠక్కున ఆగిపోయింది. పాతబస్తీలోకి అడుగు పెడితే ఒట్టు. అలాగని ఆ పైన స్టేషన్లు లేవనుకునేరు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ అని మ్యాపులో ఎప్పుడో వేసేశారు. 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన కూడా చేశారు. చార్మినార్ 1591 నుంచీ అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. ఇక తొందరేమిటి మనకు?

ఆటో అతను అఫ్జల్‌గంజ్ దాటించి, నయాపూల్ మీదుగా సాలార్‌జంగ్ మ్యూజియం గేటు ముందు దింపాడు. గేటు మూసి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు శుక్రవారం. మ్యూజియానికి శుక్రవారం సెలవు. పోనీ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్దామంటే దానికీ శుక్రవారమే సెలవు. ఊరివాణ్ణి అయ్యుండి తెలుసుకోకపోవడం నా బుద్ధిహీనత. కానీ ఆ ఐకమత్యం చూడండి! ఒకటి ఒకరోజూ ఇంకొకటి ఇంకోరోజూ మూసుకుంటే, వచ్చినవాళ్లు ఒకటి చూసి రెండోది చూడలేకపోయామే అని ఇంటికెళ్లి కుమిలిపోతారు. రెండూ ఒకేసారి మూసుకుంటే ఆ బెంగే ఉండదు.

గేటు పట్టుకుని నిలబడ్డ పెద్దమ్మకు లోపల ఏముందో నోటితోనే చూపించాను. గంట గంటకూ చిన్న బొమ్మ మనిషి తలుపు తోసుకుని వచ్చి గంట కొట్టే గడియారం ఉందని, మధ్యాహ్నం పన్నెండుకు దాని ముందు పెళ్లి పందిట్లోలా జనం కూర్చుంటారని చెప్పాను. మేలిముసుగు రెబెక్కా గురించీ చెప్పాను. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిని మలిచి, ముసుగు వెనక ముఖం కనపడేట్టు చేశాడు. "రాతి ముసుగులోంచి కనపడుతుందిటగానీ, ఈ ఇనుప గేటులోంచి కనపడదేవిట్రా?" అంది పెద్దమ్మ. బెంజోనీకి మించిన పనితనం మావాళ్లదని అప్పుడే తెలిసింది.

అక్కణ్ణుంచి పత్తర్‌గట్టి. ఇక్కడ పాతకాలంవాళ్ల తెలివితక్కువ గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1908లో మూసీ వరద ఊరిని ఊడ్చేశాక, ఊరిని మళ్లీ కట్టడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అని ఒకటి పెట్టారు. ఆ కాలంవాళ్లు ఈ వీధికి రెండువైపులా రాతి కమానులు నిలబెట్టారు. ఎండావానా తగలకుండా మనుషులు వాటికింద నడుస్తారని వాళ్ల అమాయకత్వం. నీడలో మనుషుల్ని ఊరికే తిప్పడమేమిటి, నీడ ఎంత ఖరీదైన వస్తువు! ఇప్పుడా నీడలో గుడ్డల తానులు హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాయి. బొమ్మలకు చీరలు కట్టి నిలబెట్టారు, అవి ఎండకు వెలిసిపోకుండా ఉన్నాయి. మనుషులంటారా, వెలిసిపోయినా కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. మమ్మల్ని రోడ్డు మీద, బైకుల మధ్య నడవనిచ్చారు. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుని, కళ్లు నేలమీద పెట్టి, కాలువ దాటేవాళ్లలా అడుగు వెనక అడుగు వేసింది.

ఇక్కడే నాకు మా పెద్దల అసలు ఉద్దేశం అర్థం కావడం మొదలైంది. చార్మినార్ తల ఎత్తి చూడాలని కట్టిన కట్టడం. దానికి నాలుగు దిక్కులా బాటలు వేసింది కూడా దూరం నుంచే తల ఎత్తుకుని రావాలనే. తల ఎత్తుకు తిరిగేవాడికి పొగరని మనవాళ్లు ఊరికే అనలేదు. వినయం నేర్పాలి. నేర్పాలంటే కాలి కింద ఏదో ఒకటి ఉండాలి.

చార్ కమాన్ చేరాం. చార్మినార్ కట్టిన కొద్ది ఏళ్లకే ఎత్తిన నాలుగు కమానులు. అందులో మఛ్లీ కమాన్ పేరు పెద్దమ్మకు బాగా నచ్చింది. "చేపేదిరా?" అని వెతికింది. చేప కనపడలేదుగానీ వల కనపడింది. కరెంటు తీగలు, కేబుల్ తీగలు, ఇంటర్నెట్ తీగలు, ఇక ఏ పనీ లేని ముసలి తీగలు అన్నీ కలిసి కమాను మీద అల్లుకుని ఉన్నాయి. కుతుబ్‌షాహీ మేస్త్రులు సున్నంతో గచ్చుపని చేశారని గొప్పలు చెప్పుకుంటాం. మేకులు దిగడానికి ఇంత మెత్తగా ఉంటుందని వాళ్లకూ తెలిసి ఉండదు. కమానుల నడుమ గుల్జార్ హౌజ్ ఉంది. దాహం వేసిన బాటసారుల కోసం పెట్టిన నీటి తొట్టి. ఇప్పుడు దాని చుట్టూ ఆటోలు ప్రదక్షిణం చేస్తున్నాయి. గుళ్లో మూలవిరాట్టు దగ్గరికి ఎవరిని పడితే వారిని పోనివ్వరు కదా, ఇదీ అంతే. రెక్కలున్నవాళ్లు మాత్రం వెళ్లొచ్చు.

ఇక అసలు ఘనత. చార్మినార్ పెడెస్ట్రియనైజేషన్ ప్రాజెక్టు. పేరు పలికేసరికే కాస్త దూరం నడిచినట్టుంటుంది. వాహనాలు తీసేసి, చార్మినార్ చుట్టూ మనుషుల్ని కాలినడకన తిరగనివ్వాలని పోయిన శతాబ్దం చివర్లో అనుకున్నారు. పాతికేళ్ల పైమాట. ఆలస్యమైందని గొణిగేవాళ్లు నాలుగడుగులు వేసి పక్కనున్న మక్కా మసీదును అడగాలి. మొదలుపెట్టింది 1617లో, పూర్తయింది 1694లో. డెబ్బై ఏడేళ్లు. ఆ లెక్కన మన ప్రాజెక్టుకు ఇంకా యాభై ఏళ్ల గడువు చేతిలో ఉంది. ఇంత ముందుగా పరుగెత్తుతున్నవాళ్లను పట్టుకుని నిదానమనడం పాపం.

అయినంత మేరకు అద్భుతంగా అయింది. నేలంతా నల్లరాయి పరిచారు. రాళ్లన్నీ ఒకే ఎత్తున ఉంటే నడకలో ఏం మజా? ఒకటి లేచి ఉంటుంది, ఒకటి కుంగి ఉంటుంది, ఒకటి కాలు వేస్తే లేచి పక్కదాన్ని పలకరిస్తుంది. పెద్దమ్మ చెప్పు రెండుసార్లు ఇరుక్కుంది. రెండోసారి తీస్తూ, "ఒరేయ్, చార్మినార్ ఎంతసేపురా ఇంకా?" అంది. చార్మినార్ కిందే నిలబడి ఉన్నాం.

కార్లు పోయిన చోట తోపుడుబళ్లు వచ్చాయి. ముత్యాల దండలు, బుర్ఖాలు, నల్లకళ్లద్దాలు, దానిమ్మ గింజలు, సబ్బునీటి బుడగలు ఊదే తుపాకులు. వాళ్లను నేనేమీ అనను. చార్మినార్ బజారు మధ్యే పుట్టింది, వాళ్ల తాతలూ ఇక్కడే అమ్మి ఉంటారు. నా నమస్కారం మా పెద్దలు వాళ్లతో ఆడే ఆటకు. ఉండమనరు, పొమ్మనరు. ఇదీ నీ చోటు అని గీత గీసి చూపరు. పోలీసు ఈల వినపడగానే గుడ్డ నాలుగు మూలలూ కలిపి మూటై, మనిషై, సందులో మాయమవుతారు. జీపు మలుపు తిరగ్గానే మూట మళ్లీ కొట్టవుతుంది. నేను నిలబడ్డ అరగంటలో రెండుసార్లు జరిగింది. టికెట్ లేని ఆట.

అన్నట్టు, 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు ఇక్కడ పాటలు, తిండి, జనం మాత్రమే ఉండేలా ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. పేరు 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్'. ఒక సాయంత్రం చార్మినార్ పేరున. ఇంత నిజాయితీగా పేరు పెట్టినవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. మిగతా సాయంత్రాలు ఎవరి పేరున ఉన్నాయో అడిగే అవసరమే రాకుండా చేశారు.

పైకెక్కుదామంటే పెద్దమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు. నూట నలభై తొమ్మిది మెట్లని చెప్పాను. ఎక్కినా అన్నీ ఎక్కనివ్వరు, మొదటి అంతస్తు దగ్గరే ఆపి మన కాళ్లమీద జాలి చూపిస్తారు. అక్కడి గోడలమీద దేశం నలుమూలల ప్రేమికుల పేర్లు చెక్కి ఉంటాయి. మొదట్లో నాకు మంటగా ఉండేది. తర్వాత్తర్వాత అలవాటైంది. కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవి కూడానట, ప్రేమ మీద చాలా రాశాడట. ఆయన రాతలు చదివినవాళ్లెందరోగానీ, ఈ గోడమీది రాతలు చదవనివాళ్లు లేరు.

అయినా ఎక్కవలసిన పనిలేదు. మనం పైకి చూడకపోతే పైనున్నదే కిందికి వస్తుంది. 2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి కిందపడింది. అదృష్టంకొద్దీ ఎవరి నెత్తిమీదా పడలేదు. సందర్శకుల సౌకర్యం కోసం కట్టడమే మెట్లు దిగి వచ్చిన ఊరు ఇంకోటి ఉంటే చెప్పండి.

ఈలోగా పెద్దమ్మ నా చెవిలో ఒక మాట అంది. పేరు పలకను, డెబ్బై దాటిన ఆడమనిషికి ఎండలో గంట గడిచాక వచ్చే అవసరం. వెతికాను. దొరికింది. ఏ శాఖవారు కట్టారో పేరు రాసుకోలేదు, పుణ్యం గుప్తంగా చేసుకున్నారు. టైల్స్ మెరుస్తున్నాయి, కుళాయి కొత్తది, దుర్వాసన బొత్తిగా లేదు. అంత శుభ్రంగా ఉండటానికి కారణం తలుపుకున్న తాళం. పక్క కొట్టు ముసలాయన నా మొహం చూసి విషయం గ్రహించి, "అమ్మా, మా ఇల్లు ఈ గల్లీలోనే, ఆయియే" అని పెద్దమ్మను తన కోడలి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె తిరిగొచ్చేసరికి చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. ఈ సౌకర్యం ఏ కరపత్రంలోనూ రాయరు.

తర్వాత చార్మినార్ నీడన ఇరానీ చాయ్ తాగాం. ఉస్మానియా బిస్కెట్ ముంచగానే సగం కప్పులో పడిపోయింది. దీని గురించి వ్యంగ్యంగా ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

లాడ్ బజారులోనూ అంతే. ఒక కొట్టు వెనక నిప్పుల మీద లక్కను మెత్తబరుస్తున్నారు. కుంపటి ముందు కూర్చున్నావిడ ముద్దను తీగలా సాగదీసి, చుట్టి, కొసలు కలిపి గాజు చేసింది. అది ఆరకముందే అద్దపు రాళ్లను ఒక్కొక్కటే అద్దింది. వేళ్ల కొసలు కాలి కాలి నున్నగా అయిపోయాయి. ఈ లక్కగాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇక ఈ పేరు మీద ఇంకో ఊరు అమ్ముకోకూడదు. ఆవిడకు ఆ సంగతి చెప్పాను. "అచ్ఛా?" అని ఇంకో రాయి అద్దింది.

పెద్దమ్మ బేరం గురించి వేరే పుస్తకం రాయాలి. ఆరొందలన్నాడు, "నూటయాభై" అంది. తెలుగు రాదన్నాడు, వేళ్లతో చూపించింది. చివరికి రెండొందల నలభైకి ఇచ్చి, "అమ్మా తెనాలియా? మాకు అక్కడినుంచి పార్టీలు వస్తారు" అని శుభ్రమైన తెలుగులో అన్నాడు. గాజులు కాగితంలో చుట్టి రంగుల సంచిలో వేసిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో నయాపూల్ దాటేదాకా పెద్దమ్మ మాట్లాడలేదు. ఒళ్లో సంచి పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, దానిమీది బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. వేలితో ఒకటి, రెండు అని లెక్కపెట్టింది.

"ఒరేయ్ అబ్బాయ్, నాలుగున్నాయిరా! ఎంత బావుందో చూశావా? గడియారం కూడా ఉంది."

గడియారం 1889 నుంచీ ఉందని చెప్పబోయి, వెనక హారన్ మోగడంతో ఊరుకున్నాను.