దేవుడి కాల్షీట్లు

తెలుగు సినిమాలో ఇప్పుడు ఊపిరాడనంత బిజీగా ఉన్న నటుడు ఒక్కడే, దేవుడు. పారితోషికం అడగడు, క్యారవాన్ అడగడు, ప్రమోషన్లకు రానని మొరాయించడు. పైగా ఆయన సినిమాను బాగోలేదంటే మనోభావాలు దెబ్బతింటాయి. ఇంతకన్నా సుఖమైన హీరో ఏ నిర్మాతకు దొరుకుతాడు?

ఒకప్పుడు దేవుడికో దుకాణం, యంత్రానికో దుకాణం ఉండేవి. 1991లో ‘ఆదిత్య 369’ టైమ్ మెషీన్ రాయలవారి కొలువుదాకా వెళ్లొచ్చింది. దాన్ని తయారుచేసింది ఓ ప్రొఫెసర్. విశ్వకర్మ చేశాడని దర్శకుడు సింగీతం చెప్పలేదు, మనమూ హారతి పట్టలేదు. ఇప్పుడు రెండు సరుకులూ ఒకే కౌంటర్లో దొరుకుతున్నాయి.

‘కల్కి 2898 ఏడీ’ లెక్కే చూడండి. పురాణాల ప్రకారం కలియుగం 4,32,000 ఏళ్లు. అది ముగిసే వేళకు కల్కి రావాలి. క్రీ.పూ. 3102లో కలి ప్రవేశించాడనుకుంటే, సినిమా నాటికి గడిచింది 6,000 ఏళ్లే. అంటే 4,26,000 ఏళ్లు కొట్టేశారు! ఆషాఢం సేల్లో కూడా ఇంత తగ్గింపు ఇవ్వరు.

పోనీ, కథకుడికి ఆ మాత్రం చొరవ ఉండాల్సిందే. నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేసిన అశ్వత్థామను కల్కి ఉన్న మరో గర్భానికి కాపలా పెట్టడం నిజంగా బంగారంలాంటి ఊహ. అంత పాపం మోస్తూ, చావు కూడా రాక, ఆరు వేల ఏళ్లు ఆ మనిషి ఏమాలోచించి ఉంటాడు? అడిగే తీరిక ఎవరికుంది! ఎత్తు పెంచి, చేతికి కర్ర ఇచ్చి ఫైట్లోకి దింపారు. కబుర్లు చెప్పే భాగ్యం హీరోగారి కారు బుజ్జికి దక్కింది.

‘కార్తికేయ 2’ది ఇంకో ముచ్చట. కృష్ణుడు పద్దెనిమిది అధ్యాయాలు నోరారా చెప్పి వెళ్లాడు. అవెవరికీ అక్కర్లేదు, ఆయన కాలి కడియం కావాలి. ‘హను-మాన్’లో ఆంజనేయుడి రక్తబిందువు మణి అయింది. దాని మహిమ పగలే పనిచేస్తుంది, చీకటి పడితే హీరో మామూలు మనిషే. సూర్యుణ్ణే మింగబోయినవాడు చివరికి సోలార్ ప్యానెల్‌గా స్థిరపడ్డాడు. 2023లో ‘ఆదిపురుష్’ వాళ్లు ప్రతి థియేటర్లో హనుమంతుడికో సీటు వదిలేశారు. తెర మీద ఆయన నోట పెట్టిన మాటలు విని జనం మండిపడ్డారు, నిర్మాతలు వాటిని మార్చారు. పాపం, ఆ సీటాయనకు మాత్రం లేచి వెళ్లిపోయే వీలు లేదు.

మనకు దేవుడి ఆయుధాలు కావాలి, దేవుడు అడిగే ప్రశ్నలు వద్దు. సైన్సుతోనూ అదే వరస. గాడ్జెట్లు కావాలి, రుజువు చూపమనే పాడలవాటు వద్దు. భక్తి లేని దేవుణ్ణీ, సందేహం లేని సైన్సునీ కలిపి గ్రాఫిక్స్‌లో ముంచి తీస్తే అదే మన ఘన వారసత్వం.

1957లో ‘మాయాబజార్’ శశిరేఖ చేతికి ప్రియదర్శిని పెట్టె ఇచ్చింది. తలచుకున్న ప్రియుడు అందులో కనిపించాడు. మన తాతలు చప్పట్లు కొట్టి, హాయిగా నవ్వుకుని ఇంటికెళ్లారు. మనవలు మాత్రం దాన్ని చూపించి ‘మనవాళ్లకు వీడియో కాల్ అప్పుడే తెలుసు’ అని వాట్సాప్‌లో పంపుతున్నారు. వ్యాసభారతంలో శశిరేఖే లేదు మహాప్రభో, ఇక ఆమె పెట్టె ఎక్కడిది?

సినిమాకైతే ‘అంతా కల్పితం’ అని ముందే కార్డు వేస్తారు. వేదిక మీది ఉపన్యాసానికి ఆ కార్డు కూడా ఉండదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో, సాక్షాత్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలన్నారు, రావణుడికి 24 రకాల విమానాలున్నాయన్నారు. కథా రచయితలకు ఇంతకన్నా పోటీ ఏముంటుంది!

దేవుణ్ణీ యంత్రాన్నీ ఒకచోట చేర్చడం తప్పు కాదు. 1953లో ఆర్థర్ క్లార్క్ చిన్న కథ రాశాడు. టిబెట్ సన్యాసులు దేవుడి పేర్లన్నీ రాసి ముగించడానికి కంప్యూటర్ తెప్పించుకుంటారు. బిగించడానికి వెళ్లిన ఇంజినీర్లు లోపల నవ్వుకుంటారు. పని పూర్తయ్యే వేళకు ఆకాశంలో చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. నమ్మినవాడికీ నమ్మనివాడికీ ఒకేసారి చెమటలు పడతాయి. కొన్ని పేజీలు, ఒక్క ఫైట్ లేదు.

మన కల్కి ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు, రెండో భాగంలో రావాలి. అధర్మాన్ని నరకడమే ఆయన ఉద్యోగం కాబట్టి నిర్మాతలకు ఒక్క మనవి. కత్తి చేతికిచ్చాక ఆయన్ని ఎక్కడికైనా తిప్పండి కానీ, మొదటి వారం టికెట్ కౌంటర్ వైపు మాత్రం తీసుకురాకండి.