"జేబుదొంగలున్నారు జాగ్రత్త" బోర్డు వ్రాయించిన అధికారివర్యులకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ యాత్రికజన రక్షణ ధురంధరులైన అధికారిగారి దివ్యసముఖమునకు,

నెల్లూరు జిల్లా అల్లూరు నివాసి, వరిసాగు తప్ప వేఱొక విద్య నెఱుగని ఒక వృద్ధుడు అనేక నమస్కారములు చేసి విన్నవించుకొనునది యేమనగా:

తమ మహానగరమున రైలు దిగి, వంతెన దాటి, ఆటోవాండ్ర కేకలలోనికి అడుగిడు ప్రతి పరదేశికిని ప్రథమ స్వాగతము పలుకునట్టి ఆ పసుపుపచ్చని రేకుబోర్డును, దానిపై ఎఱ్ఱని అక్షరములతో తాము వ్రాయించిన "జేబుదొంగలున్నారు జాగ్రత్త" అను మహావాక్యమును, ఆ వాక్యము ప్రక్కన ఒకని ప్యాంటు జేబులోనికి ప్రవేశించుచున్న నాలుగు వ్రేళ్ల చేతిబొమ్మను (అయిదవ వ్రేలికి రంగు చాలలేదు కాబోలు) కన్నులార దర్శించితిని. దర్శించుచుండగనే నా జేబులోని సెల్‌ఫోను పోయినది. బోర్డుయందు అసత్యమేమియు లేదని ముందుగా ఒప్పుకొనుచున్నాను. దొంగలున్నారని వ్రాయించితిరి, ఉన్నారు. ఇంతటి సత్యసంధత ప్రభుత్వ ప్రకటనలలో అరుదు.

అయితే, మహాప్రభూ, తాము ఒక్క పది నిముషములు ఆ బోర్డు క్రింద నిలిచి చూచినచో ఒక విశేషము గోచరించును. దానిని చదివిన ప్రతివాడును తనకు తెలియకయే చేతిని సొమ్మున్న చోటికి కొనిపోవును. ఒకడు వెనుకజేబు తడుముకొనును, ఒకడు చొక్కా లోపలిజేబు నొక్కి చూచుకొనును, ఒక యిల్లాలు నడుము దగ్గఱి కొంగుముడి సవరించుకొనును. స్తంభమున కానుకొని వేరుశెనగలు నములుచున్న వానికి ఇక వెదకవలసిన శ్రమ యేమున్నది? బోర్డు అడుగున, ఆపదలో ఫోను చేయుడని ఒక నంబరును కూడ ప్రసాదించితిరి. దాని చివరి అంకెలపై ఒక నాయకుని జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ వ్రేలాడుచున్నది. అంకెలన్నియు కనబడినను, ఫోను పోయినవాడు దేనితో ఫోను చేయవలెనో తమకే తెలియవలెను.

రైల్వే పోలీసు ఠాణాకు పోతిని. బల్ల వెనుక కూర్చున్న యువకుడు తల యెత్తి, "అంత పెద్ద బోర్డు పెట్టాం గదా పెద్దాయనా, కనపడలేదా?" అని అడిగెను.

కనబడినది నాయనా, కనబడుచుండగనే పోయినది! బోర్డు వ్రేలాడదీసినంతనే మీ పని తీరిపోయినదా? కుక్క యున్నది జాగ్రత్త యని గేటుపై వ్రాయించుకొన్న గృహస్థునికి సైతము ఆ కుక్కను కట్టివేయు పూచీ యున్నదే, జీతము తీసుకొను మీకు లేదా? పోగొట్టుకొన్నవానిదే తప్పైనచో మీ రెందులకు, మీ ఠాణా యెందులకు, ఆ బల్ల యెందులకు?

క్షమింపుడు. కోపము ముందు పుట్టి, మర్యాద తరువాత జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఆ యువకుని రెండవ ప్రశ్న మెట్లను గూర్చి. ఫోను పోయినది పై మెట్టుననా, క్రింది మెట్టుననా? మెట్లు రైల్వే పోలీసువారివట. చివరి మెట్టు దిగిన పిమ్మట నేల పట్టణ పోలీసువారిదట. అచటికి పోగా వారు, బోర్డు రైల్వేగోడకున్నది గావున కేసును ఆ గోడవారిదే యని సెలవిచ్చిరి. నేనును, నా సహధర్మచారిణియు, రెండు సంచులును ఆ రెండు ఠాణాల నడుమ మిట్టమధ్యాహ్నము తిరుగుచుంటిమి. దొంగ కొక్కనికే ఏ పరిధియు లేదు.

కౌటిల్యుడు ఈ మెట్ల చిక్కును అర్థశాస్త్రమున ఏనాడో విడదీసి పెట్టినాడు. బాటసారులైన వర్తకులు తమ సరకు సారము తెలిపి గ్రామమున విడిసినపుడు రాత్రివేళ అది అపహృతమైనచో గ్రామస్వామి యిచ్చుకొనవలెను. గ్రామముల నడుమ పోయినచో వివీతాధ్యక్షుడు, అనగా పచ్చికబీళ్ల అధికారి. బీడును లేనిచోట చోరరజ్జుకుడను ఉద్యోగి. సొమ్ము రాబట్టలేని రాజు తన బొక్కసమునుండియే చెల్లింపవలెనని ఆయనయే మఱియొకచోట శాసించెను. చూచితిరా, ప్రతి జానెడు నేలకును ఒక జవాబుదారి! మెట్లకు వేఱు, నేలకు వేఱు అని ఆయన ఏర్పఱచినది బాధ్యతను పంచుటకే గాని, తప్పించుకొనుటకు గాదు.

అంతదూర మేల? 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షను, వారంటు లేకయే అరెస్టు చేయదగిన నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను సమాచారమును స్వీకరింపవలెననియు, నమోదైన దాని ప్రతిని సమాచారమిచ్చినవానికి ఉచితముగా నీయవలెననియు చెప్పుచున్నది. పత్రికలు జీరో ఎఫ్‌ఐఆర్ అని మురిసిపోయి వ్రాసినది దీనినే. అంతకు ముందే, 2013లో, లలితకుమారి కేసున సుప్రీంకోర్టు అట్టి నేరముల నమోదు తప్పనిసరి యని తీర్పిచ్చియున్నది. ఆ సంగతి నేను వినయముగా మనవిచేయగా, "లాయరా?" అని అడిగిరి. కాను, రైతును.

ఊరేది యనిరి. అల్లూరంటిని. ఎక్కడిది? బిట్రగుంట ప్రక్కన, కావలి కీవల. అంతట ఒకాయన చిఱునవ్వు నవ్వి, "అయితే మీ వైపు వాళ్ల పనే అయ్యుంటుంది లెండి" అనెను.

ఆ మాటతో ఫోను సంగతి మఱచితిని. యాత్రికుని భద్రతకై తెల్లదొరలు కనిపెట్టిన ఉపాయము ఇదియే గదా! 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మార్పులు పొంది మద్రాసు రాజధానికిని వ్యాపింపగా, ఎఱుకలవారిని పుట్టుకతోడనే దొంగలని పట్టీల కెక్కించి, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీల చేతను, బాపట్ల చెంత సాల్వేషన్ ఆర్మీ చేతను సెటిల్మెంట్లు నడిపించిరి. ఆ రెండవదానికే మద్రాసు ప్రభుత్వపు ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువార్టు పేర స్టువార్టుపురమని నామకరణము. వేలిముద్రలు, హాజరీలు, ఊరు దాటుటకు అనుమతి చీటీలు. చట్టము 1952లో రద్దైనది. సంఘసంస్కర్త హేమలతా లవణంగారి వంటివారు ఆ ఊరి మనుష్యుల నడుమ ఏండ్ల తరబడి శ్రమించిరి. సినిమావారు మాత్రము ఆ పేరును నేటికిని విడువలేదు, తమ ఉద్యోగులు ఆ చిఱునవ్వును విడువలేదు. కొందఱిని పుట్టుదొంగలనుటయు, ఎల్లవారిని దొంగలుగా శంకింపుమని యాత్రికునికి బోధించుటయు, రెండును కాపలా కాయకయే కాపలాదారనిపించుకొను మార్గములే.

ఇంకను కలవు. రాత్రిపూట ఆ వంతెన మెట్లపై దీపము వెలుగదు. ప్రీపెయిడ్ ఆటో కౌంటరునకు కిటికీ యున్నది, మనిషి లేడు. అపరిచితు లిచ్చు బిస్కెట్లు తినవలదని మైకులో గంటకొకసారి చెప్పుదురు, త్రాగునీరెచట దొరకునో చెప్పరు. చొక్కాపై మురికి పడినదని తుడువవచ్చు పరోపకారి, పదిరూపాయల నోట్లు నేలపై చల్లి "మీవేనా సార్?" అని అడుగు ధర్మాత్ముడు, అదే స్థలమున, అదే వేళకు, నిత్యోద్యోగులవలె హాజరగుదురని అచటి టీకొట్టువానికి తెలియును, తమకు తెలియదు.

పోనిండు. దొంగను పట్టి తెండని నేనడుగుట లేదు. వడ్లడబ్బు ఖాతాలో పడినట్లు చెప్పు సందేశము ఆ ఫోనుకే వచ్చును, బ్యాంకువారి ఓటీపీ దానికే వచ్చును. సంచార్ సాథీ యను ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ ఫోనును నిలుపుదల చేయింపవలెనన్నచో పోలీసు ఫిర్యాదు నకలు జతపఱుపవలెను. నేను వ్రాసిన అర్జీ ఇంకను నా సంచిలోనే మడతపెట్టి యున్నది. అయ్యా, పరిహాసములు చాలించి చేతులు జోడించి వేడుకొనుచున్నాను: ఏ మెట్టు వారైనను సరే, ఏ ఠాణా ముద్రయైనను సరే, ఆ కాగితము పుచ్చుకొని నకలొకటి ఇప్పింపుడు.

ఇట్లు,
తమ విధేయుడు,
అల్లూరు రైతు