కారులాగే నడుస్తుందట!

అమెరికాలో మోటార్‌హోమ్, అంటే చక్రాల మీది ఇల్లు, అమ్మేవాళ్ల నోట్లో నలిగిన మాట ఒకటుంది: "కారులాగే నడుస్తుందండీ!" తిన్నని ఇంటర్‌స్టేట్ హైవే మీద ఏ బండయినా కారులాగే నడుస్తుంది. ఆ మాట నిగ్గు తేలేది గ్యాస్ స్టేషన్లో. గ్యాలన్‌కు ఏడెనిమిది మైళ్లు ఇవ్వడమే గొప్పయిన బండికి అక్కడికి మాటిమాటికీ పోక తప్పదు. ట్రక్కుల వరసలో విశాలంగా నిలుపుకుందామంటే అక్కడ దొరికేది డీజిలు. పెట్రోలుతో నడిచే 35 అడుగుల ఇల్లు కార్ల కోసం కట్టిన పంపుల మధ్యకే దూరాలి. దూరడం వరకూ ఫరవాలేదు, అసలు కథ బయటికొచ్చేటప్పుడు. పంపు కుడివైపు ఉందనుకోండి. స్టీరింగ్ ఎడమకు తిప్పగానే వెనక చక్రాలకు అవతల వేలాడే తోక కుడికి, అంటే సరిగ్గా పంపు మీదికి ఊగుతుంది. డ్రైవరు చూపేమో ముందున్న సందు మీద. పంపుకు కాపలాగా పాతిన ఇనుప స్తంభాల్ని దగ్గరికెళ్లి చూడండి: వాటి సొంత రంగు పసుపొక్కటే, తెలుపూ గోధుమా చారలన్నీ భక్తులు సమర్పించుకున్నవి. ఇక వెనక నాలుగు చక్రాల మీద కారును కూడా లాక్కొస్తుంటే రివర్సన్నది మరిచిపోవాల్సిందే. ముందు దారి మూసుకుపోతే పంపు పక్కనే దిగి కారు ఊడదీయాలి.

కెమెరాలున్నాయి కదా అంటారు. వెనక కెమెరా వెనకున్నది చూపిస్తుంది, పక్కకు ఊగే మూలను కాదు. పక్క కెమెరాలు చాలా బళ్లలో ఇండికేటరు వేస్తేనే వెలుగుతాయి. పంపు దగ్గర ఇండికేటరు వేసే పుణ్యాత్ములెందరు? చట్టమే ఒప్పుకుంది కదా అనేది రెండో వాదన. చట్టం చాలాచోట్ల దయగలదే: 26,001 పౌండ్ల లారీలో సరుకు తోలాలంటే కమర్షియల్ లైసెన్సు కావాలి, అంతే బరువున్న డీజిలు మోటార్‌హోమ్‌లో సోఫా, మంచం తోలితే అనేక రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సు చాలు. టెక్సాస్ మాత్రం ఆ బరువు దాటితే వేరే తరగతి లైసెన్సు అడుగుతుంది, కాలిఫోర్నియా 40 అడుగులు దాటితే అడుగుతుంది. కారులాగే నడిచేదైతే వాటికెందుకీ చాదస్తం?

అనుభవమున్నవాళ్లకు ఏ చిక్కూ లేదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. వాళ్లు చివరి పంపునే ఎంచుకుంటారు, తోక స్తంభాన్ని దాటేదాకా తిన్నగా పోనిచ్చి అప్పుడు తిప్పుతారు, భార్యనో భర్తనో కిందికి దింపి చేతులూపిస్తారు. చక్కని పద్ధతే. కాకపోతే పెట్రోలు పోసుకున్న ప్రతిసారీ ఇంట్లోవాళ్లు దిగి దారి చూపించాల్సిన కారు ఏ షోరూములోనూ అమ్ముతున్నట్టు లేదు.