ఖాళీ స్థలం అని రాసినవారికి

తీర సుందరీకరణ అధికారి గారికి,

అయ్యా, ఒడ్డున ఇసుక దిబ్బ కనిపిస్తే చాలు, దాన్ని చదును చేసి టైల్స్ పరిచి సెల్ఫీ పాయింటు పెట్టేదాకా తమకు నిద్ర పట్టదని విన్నాను. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇంకా మీ ఫైల్లోకి ఎక్కిందో లేదో తెలీదు. ఎక్కకముందే ఈ అర్జీ పెట్టుకుంటున్నాను. అలాంటి చోట్లను మీ కాగితాల్లో 'ఖాళీ స్థలం' అని రాస్తారు. అక్కడ కాపురాలున్నాయండీ.

మొదటిది ఇసుక ఎండ్రకాయది. ఒళ్లు ఇసుక రంగు, కళ్లు రెండూ పుల్లల చివర గుచ్చినట్టు నిలబడి ఉంటాయి. మీటరు లోతు దాకా బొరియ తవ్వి, ఆ ఇసుకంతా గుమ్మం ముందే విసిరేస్తుంది. ప్లాను అప్రూవల్ లేదు, ఒప్పుకుంటాను. తాబేలు గుడ్లు దొరికితే తినేస్తుంది కూడా, కాబట్టి మంచి పొరుగని సర్టిఫికెట్ ఇవ్వలేను.

ఆ గుడ్లు ఆలివ్ రిడ్లేవి. చలికాలం ముగిసే వేళ తల్లి వచ్చి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పూడ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. పొదగడం ఇసుక పని. 45 నుంచి 60 రోజులు పడుతుంది. పుట్టేది ఆడో మగో తేల్చేదీ ఇసుక వేడే; వేడెక్కువైతే ఆడపిల్లలు. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఇసుక మీద కేసు పెట్టకండి, బాబ్బాబు. పిల్లలు రాత్రిపూట బయటపడి వెలుగు కనిపించిన వైపు పాకుతాయి. ఆ వెలుగు సముద్రానిదైతే బతుకుతాయి. మీ హైమాస్ట్ లైటుదైతే రోడ్డెక్కుతాయి.

ఇక దిబ్బ కట్టిన మేస్త్రీలు. బాలబంద తీగ ఊదాపూలతో పాకుతూ, గాలి మోసుకొచ్చే ఇసుకను పట్టి ఆపుతుంది. దాని పక్కనే రావణాసురుని మీసాలనే గడ్డి. దాని ఎండిన ముళ్లబంతి గాలికి దొర్లుకుంటూ పోయి గింజలు చల్లుకుంటుంది. వీటిని పీకించి లాను వేయిస్తారేమోనని భయం. సరుగుడు నాటిస్తారేమోనని ఇంకో భయం. ఆ ఆకు రాలి పరుపులా పేరుకుంటే కింద తీగ బతకదు.

గోదావరి తెచ్చిన ఇసుకను అలలు సుమారు రెండు శతాబ్దాలుగా పేర్చుకుంటూ వస్తే ఈ దీవి అయింది. సముద్రం దెబ్బ అది కాచుకుంటోంది కాబట్టే వెనక కాకినాడ అఖాతం కుదురుగా ఉంది, ఓడలు లంగరు వేస్తున్నాయి. 1839 ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టిన తీరం ఇది. ఇంత కాపలా కాసే దిబ్బకు జీతం లేదు, మరమ్మతు బిల్లు లేదు, టెండరు అసలే లేదు. బహుశా తమరికి నచ్చనిది అదేనేమో.

2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలనూ, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లనూ అన్నిటికన్నా కట్టుదిట్టమైన తరగతిలో చేర్చింది. ఆ కాగితం మీ బీరువాలోనే ఉండి ఉంటుంది. కొంచెం వెతికించండి.

తనిఖీకి వస్తే రాత్రి రండి. పడవ దిగాక టార్చి వెయ్యకుండా కాసేపు కదలక నిలబడండి. మీరు ఖాళీ అని రాసిన చోటు మీ కాళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక కాకినాడ వాసి

జతపరచినది: రావణాసురుని మీసాల బంతి, 1. కవరు చింపేటప్పుడు వేళ్లు జాగ్రత్త.