పావు, అర, ముప్పావు

మా ఇంట్లో పాల లెక్క వంటింటి తలుపు వెనక క్యాలెండరులో ఉంటుంది. మేకుకి పురికొసతో కట్టిన పెన్సిలు ముక్క. అర లీటరుకి నిలువు గీత, పావుకి చుక్క, నాగా అయితే సున్నా. నెలాఖరున అమ్మ గడుల మీద వేలు జరుపుకుంటూ పోయి, పాలావిడకి ఎంతివ్వాలో రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది. పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నవాణ్ణి, ఇది చూస్తూ ఊరుకోవడం నామోషీ అనిపించింది. ‘‘చిన్న వెబ్ యాప్ చేసి పెడతానమ్మా, శని ఆదివారాల్లో అయిపోతుంది’’ అన్నాను. ఏ శని ఆదివారాలో చెప్పలేదు కనుక అబద్ధం కిందికి రాదు.

మొదటి శనివారం పేరు పెట్టడానికే సరిపోయింది. ఆదివారం బొమ్మ దగ్గర ఆగిపోయాను. మాకు పోసేది గేదెపాలు. గేదెని గీస్తే తెర మీద సిరా ఒలికినట్టుంది. చివరికి చెంబుతో సరిపెట్టాను. మూడో వారానికి అమ్మ ఫోనులో మీట నొక్కితే ‘అర లీటరు నమోదైంది’ అని వచ్చింది. ఆ సంతోషంలో కాఫీ రెండుసార్లు తాగాను.

నెలాఖరున జూన్ పాలకి మే చీటీ వచ్చింది. జావాస్క్రిప్ట్‌లో నెలలు సున్నాతో మొదలవుతాయి. జనవరి సున్నా, డిసెంబరు పదకొండు. తేదీలు మాత్రం బుద్ధిగా ఒకటి నుంచే. తెలిసిన సంగతే, తెలిసీ పడ్డాను. ఆ భాష తొలి రూపాన్ని బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో 10 రోజుల్లో రాశాడు. 10 రోజుల్లో భాషనే పుట్టించినాయన్ని, మూడు వారాల్లో పాల చీటీ పుట్టించలేనివాణ్ణి నేనేం అనగలను?

ఆ తర్వాత చుట్టాలొచ్చారు. పొద్దున 100 మిల్లీలీటర్లు, సాయంత్రం 200 అదనంగా పోయించాం. తెర మీద 0.30000000000000004 లీటర్లని పడింది.

‘‘ఆ చివరి నాలుగేమిట్రా?’’

‘‘దానికి రెళ్ళ లెక్కే వచ్చమ్మా. పదో వంతు సరిగ్గా కుదరదు, ఇంత మిగిలిపోతుంది.’’

‘‘మరి నా పావు, అర?’’

నోట మాట రాలేదు. పావు, అర, ముప్పావు దానికి పిసరంత తేడా లేకుండా కుదురుతాయి. ఎనిమిదో వంతు పరక, పదహారో వంతు వీసం కూడా అంతే. మా తాతల లెక్కంతా సగాన్ని సగం చేసుకుంటూ పోయిందే. అమ్మకీ కంప్యూటరుకీ మధ్య పేచీయే లేదు, దశాంశాలు తెచ్చి తగువు పెట్టింది నేను. అన్నీ మిల్లీలీటర్లలోకి మార్చేసరికి ఆ నాలుగు పోయింది. అది పాలావిడ కలిపే నీళ్ళేమోనన్న అనుమానం మాత్రం అమ్మకి పోలేదు.

అసలు దెబ్బ జులైలో తగిలింది. ఒక రోజు రెండు అర లీటర్లు, మర్నాడు నాగా. అమ్మ పాలావిడని నిలదీసింది. ‘‘నాగా ఎప్పుడెట్టానమ్మగారూ? జొరంలో కూడా వచ్చాను కదా!’’ అంటూ ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. రాత్రి ఒంటిగంటకి దొరికింది దొంగ. నేను తేదీల్ని యూటీసీ సమయంలో దాచాను. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఇక్కడ తెల్లవారుజామున ఐదుంబావంటే దాని లెక్కలో ఇంకా నిన్న రాత్రి పదకొండుంముప్పావే. ఐదున్నరకి ముందు పోస్తే నిన్నటి పాలు, ఆ తర్వాత పోస్తే ఇవాళ్టివి.

పొద్దున్నే అమ్మ ముందు తప్పు ఒప్పుకున్నాను.

‘‘తప్పేముందిరా, సూర్యోదయమైతేగానీ వారం మారదు. పంచాంగం ప్రకారం అవి నిన్నటి పాలే.’’

యూటీసీ గడియారానికి మా ఇంట్లో ఇంత పెద్ద వకీలు ఉందని తెలీదు. అయినా సరిచేశాను. ఆ రోజు పాలావిడకి కాఫీ నేనే కలిపిచ్చాను, ఆవిడ పాలతోనే.

ఇప్పుడు లెక్క తప్పడం లేదు. సర్వరు మాత్రం ఉచితానిది. కాసేపు ఎవరూ పలకరించకపోతే నిద్రపోతుంది, లేపితే నిమిషం దాకా కళ్ళు తెరవదు. ఆ నిమిషంలో అమ్మ ఊరుకోదు కదా, పెన్సిలందుకుని గీత పెట్టేస్తుంది.

మొన్న పాలావిడ గుమ్మంలో ఆగింది. ‘‘బాబుగారూ, నాకు ముప్పై వాడికలున్నాయండి. ఆ ఫోను లెక్కేదో నాకూ పెట్టిస్తారా? డబ్బులివ్వలేనుగానీ, రోజూ ఓ పావు ఎక్కువ పోస్తాను.’’

పన్నెండేళ్ళలో నా సొంత సరుక్కి వచ్చిన మొదటి బేరం. వెంటనే ఒప్పుకున్నాను. తీరా చూస్తే, పోసినా డబ్బు కట్టక్కర్లేని పావుకి నా యాప్‌లో చోటు లేదు. అది పెట్టాలంటే మళ్ళీ శని ఆదివారాలు కావాలి. ఈలోగా అమ్మ క్యాలెండరులో గీత పక్కన చుక్క పెట్టి, దాని చుట్టూ సున్నా చుట్టేసింది.