సర్వసన్నద్ధం, ఆయ్!

మా అత్తిలి ప్రాంతం దేనికైనా రెడీ అండి. కొత్త ఫ్లూ రానివ్వండి, దానికి కొత్త టీకా రానివ్వండి, వెనకే తిండి కరువు రానివ్వండి, మేం సిద్ధం. ఎలా సిద్ధం అని మాత్రం అడక్కండి. అడిగితే ఫ్లెక్సీ చూపిస్తాం. పైన ముగ్గురు పెద్ద నాయకుల బొమ్మలు, కింద రెండు వరసల్లో చిన్న నాయకుల బొమ్మలు, మధ్యలో కాస్త చోటు మిగిలితే ఒక వైరస్ బొమ్మ. దాని పేరు ‘అవగాహన సదస్సు’. వచ్చినవాళ్లకి సమోసా, టీ. వక్తగారు మైకు అందుకుని ‘అందరూ అప్రమత్తంగా ఉండాలి’ అంటారు. ఉండి ఏం చేయాలో చెప్పేలోపు శాలువా వచ్చేస్తుంది. ఫొటో గ్రూపులో పడిందంటే ఊరు సన్నద్ధమైపోయినట్టే.

సదస్సుకి రాలేనివాళ్ల కోసం వాట్సాప్‌లో బాబాయ్‌గారు ఉన్నారు. ఆయన పేరు చెప్పను. ప్రతి ఊళ్లోనూ, ప్రతి గ్రూపులోనూ ఒకరున్నారు కాబట్టి ఎవరి బాబాయ్‌గారిని వారు తలుచుకోవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆయన రెండు సందేశాలు వదులుతారు. ఒకటి: ‘కొత్త టీకా వస్తోంది, ఎవరూ వేయించుకోవద్దు.’ రెండు: ‘భయంకరమైన కరువు వస్తోంది, ఆరు నెలల బియ్యం దాచుకోండి.’ రెండింటి కిందా ‘పదిమందికి పంపండి’ అని ఉంటుంది.

ముందు బియ్యం సంగతి చూద్దాం. బియ్యం దొరకదన్న భయం ఏ సీమలో తిరుగుతోందండీ? 1832లో మొదలైన నందన కరువు కోస్తాని ఊడ్చుకుపోయింది. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని ముగించింది 1852లో. ఆ నీళ్లు కాలువల్లోకి వచ్చాక ఈ డెల్టా తను తిని, ఊళ్లకి పెట్టింది. మన పక్క మండలం పెనుమంట్రలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రం పుట్టింది 1925లో. అక్కడ తయారై 1982లో విడుదలైన ఎంటీయూ 7029, అదేనండి మన స్వర్ణ, ఒడిశా, బెంగాల్ పొలాల దాకా పాకింది. అలాంటి మార్టేరు కూతవేటులో కూర్చుని బాబాయ్‌గారు బియ్యం దాస్తున్నారు!

దాచారు కూడా. ఆరు బస్తాలు తెప్పించి వెనక గదిలో గోడవార దొంతి పెట్టించారు. వానాకాలం వెళ్లేసరికి పిన్నిగారు ఒక మూట విప్పి చేటలో పోస్తే, బియ్యం కదలకముందే ముక్కపురుగులు అంచుదాకా నడిచొచ్చాయి. వేపాకు వేశారు, ఎండుమిరపకాయలు వేశారు, ఎండలో ఆరబోశారు. పురుగులకి మా ఎండ కూడా అలవాటైపోయిందేమో, సాయంత్రానికి మళ్లీ లోపలికే వెళ్లాయి. చివరికి ఆ బియ్యం పెరటి కోళ్ల పాలయ్యింది. అంతలో ఫ్లూ భయం వచ్చింది, ఆ కోళ్లని ఎవరూ తినలేదు. కరువుకి దాచింది కోళ్లు తిన్నాయి, కోళ్లని భయం తినేసింది. ఇదీ మా కుటుంబ ఆహార భద్రత.

మరి ఇక్కడ కొరత లేదా? ఎందుకు లేదూ! కోతలప్పుడు కళ్లంలో ధాన్యం రాశి పోసుకున్న రైతునడగండి. గోనె సంచికి కొరత. లారీకి కొరత. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందంటే కొనేవాడికి కొరత. ఆకాశం మబ్బేస్తే కప్పడానికి పరదాకి కొరత. ఈ కొరతల మీద బాబాయ్‌గారి నుంచి ఒక్క ఫార్వర్డు రాలేదు. అవి నిజం కదా, నిజానికి ఫార్వర్డయ్యే గుణం తక్కువ.

ఈ జబ్బు అత్తిలికే పరిమితం అనుకుంటే పొరపాటు. విమానం ఎక్కినా దిగదు. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది. మర్నాటికల్లా అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోర్లమీద పడ్డారు. సోనామసూరి సంచుల కోసం అరలెక్కినవాళ్లున్నారు, ట్రాలీలో ఏడెనిమిది సంచులు పేర్చినవాళ్లున్నారు. కొన్ని దుకాణాలవాళ్లు ‘మనిషికి ఒక్క సంచే’ అని కాగితం అంటించారు. పిజ్జా, పాస్తా, బ్రెడ్డు, బంగాళాదుంప అన్నీ పక్క అరల్లోనే ఉన్నాయి. అయినా ఇంజనీర్లు, డాక్టర్లు, ప్రాజెక్టు మేనేజర్లు అన్నం కోసం తోసుకున్నారు. ప్రపంచ మార్కెట్‌కి వెళ్లే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే కాబట్టి ఆ నిషేధం ఆఫ్రికాలో పేద దేశాలకు నిజంగానే కష్టం తెచ్చింది. వాళ్ల వీడియో మాత్రం ఎవరూ పంచుకోలేదు. నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. ఆ సంచుల్లో ఎన్నిటికి ముక్కపురుగు పట్టిందో వాళ్లూ చెప్పరు, మనమూ అడగం.

అదే 2024 నవంబరు చివర్లో కాకినాడ రేవులో ఉపముఖ్యమంత్రిగారు ‘సీజ్ ద షిప్’ అన్నారు గుర్తుందా? స్టెల్లా ఎల్ అనే ఓడలో పేదల రేషన్ బియ్యం దొరికిందని గొడవ. రాష్ట్రమంతా ఆ మూడు ఇంగ్లీషు మాటల మీద రీళ్లు చేసుకుంది. కార్డు మీద మనిషికి అయిదు కిలోల చొప్పున వచ్చిన బియ్యం డిపో గుమ్మం దాటి ఓడ దాకా ఎలా నడిచిందన్న ప్రశ్న ఆ రీలు పొడవులో పట్టలేదు. తిండికి సిద్ధం కావడమంటే వెనక గదిలో ఆరు బస్తాలు కాదు, ముందు వీధిలో డిపో లెక్క. కాకపోతే లెక్క అడగడం కంటే బస్తా మోయడమే సులువు.

ఇక ఒంటి సంగతి. 2025 ఫిబ్రవరి 10 ప్రాంతంలో భోపాల్ ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు, ఆ తర్వాత తాడేపల్లిగూడెం దగ్గరి బాదంపూడి కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ, హెచ్5ఎన్1. కిలోమీటరు లోపల కోళ్లన్నీ చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టాలి. అప్పటికే కోళ్లు కుప్పలుగా చస్తున్నాయి. కొందరు ఆ చచ్చినవాటిని గోతం సంచుల్లో కట్టి కాలవ గట్ల మీద పడేసిన వార్తలూ వచ్చాయి. కింది ఊరివాళ్లు తాగేది ఆ కాలవ నీళ్లే. అప్రమత్తత అంటే అంతే మరి, మన గట్టు దాటితే మన జబ్బు కాదు.

తప్పెవరిది అంటే ఊరంతా ఏకగ్రీవంగా కొల్లేరు వైపు వేలెత్తింది. వలస పక్షులట. సైబీరియా నుంచి రెక్కలు కొట్టుకుంటూ వచ్చిన పక్షుల మీద నేరం మోపడం భలే తేలిక, వాటికి ఆధార్ లేదు, ఓటు లేదు. అడవి పక్షులు వైరస్‌ని మోసుకొస్తాయన్నది నిజమే, ఎవరూ కాదనరు. కానీ అదే జనవరిలో సంక్రాంతి మూడు రోజులూ ఏ ఊరి బరిలో ఏ ఊరి కోడి దిగిందో కాస్త గుర్తు చేసుకోండి. డేగ మీదికి కాకి, నెమలి మీదికి పర్ల, కత్తి కట్టి, రెక్క విప్పి, ముక్కుకి ముక్కు తగిలించి, నెత్తురు చిమ్మించి పంపాం. ఓడిన కోడిని కోసి ఇంటికి తీసుకెళ్లి వండాం. జీడిపప్పు, బాదంపప్పు పెట్టి పెంచిన పుంజుకి ముహూర్తం చూశాం, కుక్కుట శాస్త్రం చూశాం, పరీక్ష మాత్రం చేయించలేదు. పెలికాన్‌కి క్వారంటైన్ కావాలి, పందెం పుంజుకి పార్కింగ్ కావాలి!

ఫిబ్రవరి రెండో వారం అంతా ‘చికెన్ ముట్టద్దు’ అన్నారు. తెలంగాణ సరిహద్దులో మన కోళ్ల లారీల్ని ఆపేశారు. బాగా ఉడికించిన మాంసంలో, 70 డిగ్రీలు దాటిన వేడిలో ఈ వైరస్ బతకదని డాక్టర్లు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. ఎవరూ వినలేదు. సరేనని కోళ్ల పరిశ్రమవాళ్లు చికెన్ మేళాలు పెట్టారు, గుంటూరులో పెట్టిందాంట్లో వేపుడు, ఉడికించిన గుడ్డు ఉచితం. ఇంకేం, జనం పోటెత్తారు. కిలోకి డబ్బులిస్తే ఉన్న వైరస్ ఉచితంగా ఇస్తే లేదు. ఏ శాస్త్రవేత్తా చేయలేని పని ‘ఫ్రీ’ అనే ఒక్క అక్షరం చేసింది.

నవ్వొచ్చేదేమిటంటే అదే నెలల్లో అమెరికాలో గుడ్డుకి కరువు. అక్కడా ఇదే ఫ్లూ, కోట్ల కోళ్లని చంపారు. డజను గుడ్ల ధర ఆరు డాలర్లు దాటింది, కొన్ని దుకాణాల్లో మనిషికి ఒక అట్టే అన్నారు. దేశంలోనే ఎక్కువ గుడ్లు పెట్టే రాష్ట్రం మనది. ఇక్కడ గుడ్డుకి బేరం లేక ఫారం యజమాని తల పట్టుకున్నాడు. అక్కడ గుడ్డుకి కరువొచ్చింది, ఇక్కడ బుద్ధికి.

ఇప్పుడు టీకా. బాబాయ్‌గారు ఫ్లూ టీకాలో ‘ఏదో కలుపుతారు’ అంటారు. కలపరండీ, పొదుగుతారు. ప్రపంచంలో ఫ్లూ టీకా ఇప్పటికీ ఎక్కువ భాగం కోడిగుడ్డులోనే తయారవుతోంది. పిండం ఉన్న గుడ్డులోకి వైరస్‌ని ఎక్కించి, అది పెరిగాక తీసి, చంపి, శుద్ధి చేస్తారు. 1940ల నుంచీ ఇదే పద్ధతి. ఏ రకం వైరస్‌ని వాడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో కూర్చుని చెబుతుంది. అంటే కోళ్లకి రోగమొస్తే పోయేది ఆమ్లెట్ ఒక్కటే కాదు, టీకాకి కావలసిన గుడ్లకీ ముప్పే. అందుకే ఆ గుడ్లు పెట్టే కోళ్లని వేరే కట్టుదిట్టంగా పెంచుతారు. బాబాయ్‌గారు పొద్దున్నే రెండు గుడ్ల అట్టు తిని, గుడ్డులోంచి వచ్చిన టీకా విషమని ఫార్వర్డు కొడతారు.

అయితే ఆయన మందులకి వ్యతిరేకి అనుకోకండి. 2021 మే నెలలో కరోనాకని కృష్ణపట్నంలో ఇచ్చిన నాటుమందు కోసం వేలమంది వరసకట్టారు కదా, ఆయన బంధువుల్ని కారులో ఎక్కించి పంపారు. కరోనాకి విరుగుడు కోసం కరోనా పంచుకునేంత దగ్గరగా నిలబడ్డ వరస అది. ఆ ఏడాది జనవరి 16 నుంచే టీకా వేస్తున్నారు. మూడు దశల పరీక్షలు పూర్తవకుండానే అనుమతి ఇచ్చారని కొవాగ్జిన్‌ని ఆయన శంకించారు. శంకించవచ్చు, ఆ ప్రశ్న అప్పుడు నిపుణులూ అడిగారు. మరి ఒక్క దశ కూడా లేని ఆ కృష్ణపట్నం కంటి చుక్కల్ని అడగలేదేం? ఆయన దగ్గర అనుమానం రేషన్ మీద దొరుకుతుంది, పరీక్షించినదానికే ఇస్తారు.

ఎగతాళి పక్కన పెడతాను. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకి చెందిన ఒక చిన్నారి హెచ్5ఎన్1తో చనిపోయింది. మనుషులకి ఇది అరుదుగా సోకుతుంది, సోకితే ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరికి ముందు సోకే వీలుంది? షెడ్డులో రెట్ట ఎత్తేవాడికి, చచ్చిన కోడిని చేత్తో పట్టేవాడికి, దుకాణంలో ఈకలు పీకేవాడికి. ఫిన్లాండ్ 2024లోనే అలాంటి పనివాళ్లకి బర్డ్ ఫ్లూ టీకా వేయడం మొదలుపెట్టింది. మన షెడ్డు కూలీకి మూతికి చుట్టుకున్న తువాలే మాస్కు, ఒట్టి చేతులే గ్లౌజులు. ఏటా వేసే మామూలు ఫ్లూ టీకా కూడా మన ఉచిత టీకాల పట్టికలో లేదు. కావలసినవాడు జేబులోంచి పెట్టుకోవాలి.

కాబట్టి సదస్సు పెట్టే పెద్దలకి ఒక మనవి. ఈసారి ముందు వరసలో షెడ్డు కూలీని కూర్చోబెట్టండి. శాలువా డబ్బుతో అతనికి గ్లౌజులు, మాస్కు కొనండి. జ్వరమొస్తే రెండు రోజుల్లోపు ఆసుపత్రికి రమ్మని చెప్పండి, ఫ్లూ మందు త్వరగా మొదలెడితేనే బాగా పనిచేస్తుంది. కోళ్లు చస్తే దాచకుండా చెప్పిన రైతుకి పరిహారం ఎప్పుడు, ఎంత వస్తుందో ఆ ఫ్లెక్సీ మీదే అచ్చు వేయించండి. డబ్బు వస్తుందన్న నమ్మకముంటే ఎవడూ సంచి కట్టి కాలవలో పడేయడు. ఆశా కార్యకర్త చేతిలో మీ ఊరి ముసలివాళ్ల, గర్భిణుల, షుగరు రోగుల జాబితా ఉంటుంది, కొత్త టీకా వచ్చిన రోజున పనికొచ్చేది అదే. బాబాయ్‌గారికీ ఒక మనవి: బియ్యం కొనడం ఆపి, డిపో ముందున్న స్టాకు బోర్డు ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. పదిమందికి పంపదగ్గ సందేశం అదొక్కటే.